చాప మీద చుక్క లేదు

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం

ఓబులేసన్నకు, వదినకు నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది.

హిందూపురంలో మీరంతా బాగున్నారనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నేనిక్కడ బాగున్నాను. నీ నడుము ఎలా ఉంది? గార్మెంట్స్‌లో రోజంతా నిలబడే పనే అన్నావు, మధ్యలో కాసేపైనా కూర్చోనిస్తున్నారా? వదిన కళ్లు చూపించుకుందా? జ్యోతి వేళకు తింటోందా? నా కూతురు నా దగ్గర ఉన్నదానికంటే మీ దగ్గరే బాగుందని నాకు తెలుసు. అయినా అడగకుండా ఉండలేను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నేను బాగున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో మనమిద్దరం ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుంటాం అన్నా. నువ్వు "బాగుండాం" అంటావు, నేను "బాగుండా" అంటాను, అంతటితో సరి. ఇప్పుడు రాయబోయే మాట ఫోన్లో రెండుసార్లు అడగబోయాను. రెండుసార్లూ నోటి దాకా వచ్చి, ఊర్లో వాన పడిందా అని అడిగి పెట్టేశాను. అందుకే తలుపుల ఊరి షాహీనక్క చేతికి ఇస్తున్నాను. మా పక్కింట్లో వంట చేసే ఆమె గురించి ఎన్నోసార్లు చెప్పాను కదా, ఆమే. సెలవు మీద ఊరికి వస్తోంది. శనివారం హిందూపురంలో దిగి, ఇది నీ చేతికిచ్చాకే తలుపులకు పోతానని మాటిచ్చింది. ఆమె తిరిగి వచ్చేటప్పుడు వదినను కాస్త చెనిక్కాయల పొడి చేసి పంపమను. కారం ఎక్కువ వేయమను. ఇక్కడి కూరలన్నీ చప్పగా ఉంటాయి.

ఇక్కడ ఎండలు తగ్గాయి కానీ ఇసుక గాలి వస్తోంది. పొద్దున తుడిచిన కిటికీ మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడుతుంది. మేడం మంచిదే. ఆమె చిన్న కొడుకు నా చేత్తో పెడితే తప్ప తినడు. వాడికి ముద్దలు కలుపుతూ ఉంటే జ్యోతి గుర్తొస్తుంది. వాడికి తెలియదు కదా, ఇంకో ముద్ద అడుగుతాడు. ఏడుపు వచ్చినప్పుడు బాత్రూమ్ కడుగుతానని చెప్పి లోపల కొళాయి తిప్పుకుంటాను. ఇక్కడికి వచ్చాక మా మేడం ఇంట్లో బాత్రూములన్నీ మెరిసిపోతున్నాయి.

ఇక అసలు సంగతి. ధర్మవరంలో మన ఇల్లు అమ్మకానికని, ఫోన్లోనే ఇల్లంతా తిప్పి చూపించే టూర్ అని నువ్వు పంపిన ఆ లింకు చూశాను. ఒకసారి కాదు, ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదటిసారి షాహీనక్క పక్కనే ఉంది. వేలితో తిప్పితే ఇల్లంతా తిరుగుతుంటే ఆమె నోరు తెరిచేసింది.

"మీ ఇల్లు ఇంత పెద్దదా మే? ఇట్లాటి ఇల్లు పెట్టుకోని ఈడొచ్చి గిన్నెలు తోముతాండావే."

నాకు నవ్వాగలేదు. పెనుకొండ నుంచి వచ్చిన ఆ కెమెరా వాళ్లు ఏం మంత్రం వేశారో, మన వంటిల్లు కూడా కల్యాణ మండపంలా ఉంది. మనం ముగ్గురం కూర్చుంటే నాలుగో మనిషి గోడకు అతుక్కుపోవాల్సిన వంటిల్లు అది. నవ్వుతూ నవ్వుతూనే ఎందుకో ఆగిపోయాను. అది మన ఇల్లే, గోడలు మనవే, కానీ నాకు ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టుంది. ఎందుకో ఆ రోజు తెలియలేదు.

తర్వాత తెలిసింది. ఆ టూర్లో నేల మీద తెల్ల చుక్కలుంటాయి కదా, కెమెరా నిలబెట్టిన చోట్లు. చుక్క మీద నొక్కితే అక్కడికి తీసుకుపోతుంది. నడవలో ఒకటి, వంటింట్లో రెండు, చివరికి గిన్నెలు కడిగే జాలాడిలో కూడా ఒకటి. ముందు గదిలో నీలం చాప పరిచిన చోట మాత్రం లేదు. ఆ చాప కింద ఏముందో నాకు తెలుసు. అక్కడ ఎన్నిసార్లు నొక్కినా, జారిపోయి వంటింట్లో పడతాను. ఇల్లంతా తిరగనిస్తుంది, నాయన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని మగ్గం నేసిన చోటికి మాత్రం పోనివ్వదు.

నువ్వు ఫోన్లో చెప్పావు గుర్తుందా, "గుంత కనపడితే కొనేవాళ్లు బెదురుకుంటారంట పద్మా, చాప కప్పమన్నారు. కెమెరా దాని మీద పెడితే పడిపోతాదంట" అని. అప్పుడు సరేలే అన్నాను. మొన్న మళ్లీ చెప్పావు, బెంగళూరు వాళ్లు టూర్ చూసే ఒప్పుకున్నారని, నేల సమంగా చేసి ఇస్తే చాలన్నారని, సోమవారం మగ్గం గుంతలో మట్టి పోయిస్తున్నానని. దానికీ "పోయించు అన్నా, దానిదేముంది" అన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్లీ ఆ లింకే తెరిచాను.

నీ మీద కోపం లేదన్నా. ఆ నడుముతో నువ్విక మగ్గంలో కూర్చోలేవు. తాళం వేసిన ఇల్లు కురుస్తూ కూర్చుంటే ఎవరికి లాభం? అమ్మమని చెప్పింది కూడా నేనే. ఇప్పుడూ అదే మాట.

కానీ నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నేను ఇక్కడికి బయలుదేరిన రోజు పొద్దున నువ్వు బయట ఆటోలో నా బ్యాగు పెడుతున్నావు. నాయన మగ్గంలోనే ఉన్నాడు. నేను కువైట్‌కు పోతానన్నప్పటి నుంచి మూడు రోజులు నాతో మాట్లాడలేదు కదా. దండం పెట్టుకుందామని దగ్గరికి పోయాను. కాళ్లు గుంతలో ఉన్నాయి. లేస్తాడేమోనని చూశాను. లేవలేదు, పోగు నేసే నాడె ఆపలేదు. చివరికి గుంత అంచును తాకి కళ్లకద్దుకుని వచ్చేశాను. గడప మీద ఆగి వెనక్కి తిరిగి చూశాను. తల వంచుకునే అన్నాడు.

"పోయి రా. తలుపు దగ్గరికేసి పో, పట్టు మీద దుమ్ము పడతాండాది."

అదే ఆయన నాతో అన్న చివరి మాట. ఆ తర్వాత ఫోన్ చేస్తే నీకే ఇచ్చేవాడు. రెండేళ్లకు పోయినప్పుడు నేను రాలేకపోయాను. ఎవరో ఎత్తి పట్టుకున్న ఫోన్లోనే ఆయన్ని చూశాను. అది కూడా ఊగిపోతూ.

తలెత్తి ఒక్కసారి నా ముఖం చూసి ఉంటే ఏం పోయేది అని ఇన్నేళ్లూ ఆయన మీద కోపంగా ఉన్నాను. చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో నీకు తెలియదన్నా. ఇప్పుడు ఈ టూర్ చూస్తుంటే కొత్త అనుమానం మొదలైంది. కెమెరా నిలబడ్డ మనిషి ఎత్తులో ఉంది. మన ఇల్లు అలా నిలబడి చూసిన ఇల్లు కాదు. మనం ఆయన పక్కన నేల మీద కూర్చుని పోగులు అతుకుతూ చూసిన ఇల్లు. అందుకే నాకు కొత్తగా ఉంది. ఆయన ముందు మగ్గం అడ్డకర్ర ఉండేది. వంగి నేస్తుంటే దాని కింద నుంచి వాకిలి ఎంత కనిపించేదో మరి. వచ్చినవాళ్లను కాళ్లు చూసే పిలిచేవాడు కదా. "ఏం సుబ్బమ్మా, కాలికి మెట్టె యాడ పోగొట్టుకున్యావు" అంటే ఆమె సిగ్గుపడిపోయేది. నువ్వు కొత్త చెప్పులు వేసుకుని దొంగగా లోపలికి వచ్చినా, "ఓబులేసు కాళ్లే అవి, చెప్పులు మాత్రం ఎవురివో" అనేవాడు.

ఆయన చూడలేదా, లేక కళ్లెత్తినా ఆ కర్ర అడ్డం వచ్చి నా కాళ్లే కనిపించాయా? నాకు అది తెలియాలి. అంతకన్నా ఏమీ లేదు.

అందుకని ఆదివారం ఒక్క పూట నువ్వు, జ్యోతి ధర్మవరం పోయి రండి. బస్సులో జ్యోతిని కిటికీ పక్కన కూర్చోబెట్టు, దానికి వాంతులవుతాయి. చాప తీసేయి. మగ్గం లేకపోయినా, అడ్డకర్ర దూర్చిన బొక్కలు రెండు పక్కలా గోడకు ఉన్నాయి, టూర్లో పెద్దది చేసి చూశాను. వాటికి ఒక కర్ర అడ్డంగా పెట్టు. నీ నడుముతో నువ్వు దిగవద్దు, గుంత అంచున కూర్చుని ఫోన్‌ను నాయన కళ్లు ఉండే ఎత్తులో పట్టుకో. కింద అంచున ఆయన మోచెయ్యి ఆనించి ఆనించి నున్నగా అయిన చోటు ఉంటుంది, దానికి నేరుగా. జ్యోతిని గడప మీద నిలబెట్టు. నా అంత ఎత్తు వచ్చిందన్నావు కదా. వెనక్కి తిరిగి చూడమను. అప్పుడు ఒక ఫోటో తీసి పంపు. ఆ తర్వాత సోమవారం మట్టి పోయించు. నేనేమీ అనుకోను.

జ్యోతికి ఎందుకని చెప్పకు. అమ్మ చూడాలంటోందని చెప్పు చాలు, అది నిజమే కదా.

షాహీనక్కకు ఒక పూట అన్నం పెట్టి పంపండి, వద్దన్నా వదలొద్దు. మన వీధిలో సుబ్బమ్మత్తకు, మిగతా పెద్దలకు నా నమస్కారాలు చెప్పు. వదిన కళ్ల పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. మీ ఇద్దరి కాళ్లకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను, నన్ను దీవించండి. ఆ రోజు దొరకనిది ఇప్పుడు మీ దగ్గరే తీసుకోవాలి.

ఫోటోలో జ్యోతి ముఖం కనిపించకపోతే నేను బాధపడతానని, కర్ర కాస్త పైకి పెట్టో, ఫోన్ కాస్త ఎత్తి పట్టుకునో తీయొద్దన్నా. టూర్ వాళ్లు చేసినట్టు చేయొద్దు. చిన్నప్పుడు మగ్గం రాయి పడి నా ఎడమ కాలి చిటికెన వేలు వంకరపోతే, గుడ్డ తడిపి కట్టింది ఆయనే. కాళ్లు మాత్రమే కనిపిస్తే, అదే పంపు. నా కాళ్లు నాయనకు తెలుసు.

నీ చెల్లెలు
పద్మ