కింద నంబరు లేని ముద్ర

12 మే 2006, శుక్రవారం

నా పేరు వెంకటరావమ్మ. వయసు అరవై ఎనిమిది, అటూ ఇటూ. మార్టూరు దగ్గర పల్లె మాది. ఇంట్లో నేను, కొడుకు త్రినాథ్, కోడలు జ్యోతిర్మయి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. కేసు వెయ్యాలంటే ఏ రోజు సంగతి ఆ రోజే తేదీ వేసి రాయించుకో అత్తా అన్నాడు మోటార్లు బాగుచేసే యలమంద. అందుకే ఈ నోటుబుక్కు.

మిరపకాయలు అమ్మిన వారంలో త్రినాథ్ గుంటూరు బ్రాడీపేట వెళ్ళి హోమ్ థియేటర్ కొన్నాడు. చిన్న స్పీకర్లు అయిదు, పెద్దపెట్టె ఒకటి. మా వీధిలో అదే మొదటిది. నిన్న పొద్దున జ్యోతిర్మయి దుమ్ము తుడుస్తూ పెద్దపెట్టె వెనక రేకు మీద చెయ్యి వేసింది. షాక్ కొట్టి ఎగిరి గోడకి తగిలి పడింది. రెండు వేళ్ళు కాలాయి. త్రినాథ్ షాపుకి ఫోన్ చేస్తే, తడిగుడ్డతో తుడిచుంటారు, ఆడవాళ్ళ అజాగ్రత్తకి మాదా పూచీ అన్నాడట ఓనరు. వీడు అది నమ్మి పెళ్ళాం మీద అరిచాడు.

గుడ్డ పొడిది. దండెం మీద నుంచి తీసి ఇచ్చింది నేనే. పక్కింటి మాబూబీ చూసింది. ఈ అత్త కోడల్ని వెనకేసుకొస్తోందే అని వీధిలో నవ్వుతున్నారట. నవ్వనీ. ఈ ముక్క రాయనంది జ్యోతిర్మయి. రాయమన్నాను.

13 మే

యలమంద వచ్చి టెస్టర్ పెట్టాడు. పొడి రేకు మీదే లైటు వెలిగింది. అయినా త్రినాథ్ ఒప్పుకోడు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందమ్మా, బంగారు రంగు స్టిక్కర్లు చూడు, అన్నీ చదివే కొన్నాను అంటాడు. ఆ స్టిక్కర్లు సౌండు గొప్ప చెప్పుకునేవి బావా, కరెంటు సంగతి వాటికి తెలీదు అన్నాడు యలమంద. త్రినాథ్ విసురుగా లేచి వెళ్ళిపోయాడు.

14 మే, మధ్యాహ్నం

కుక్కరు తోముతుంటే అడుగున ఆ ముద్రే కనిపించింది. నాకు అక్షరమైనా ముగ్గైనా బొమ్మే. కుక్కరు మీది బొమ్మకి నెత్తిన ఒక వరస గీతలు, కాళ్ళ కింద ఒక వరస ఉన్నాయి. గ్యాసు పొయ్యికీ ఉన్నాయి. ఎండలో చేలోకి పోయి మోటారు రేకు చూశాను. దానికీ ఉన్నాయి. పెద్దపెట్టెకి మాత్రం నడిమి బొమ్మ ఒక్కటే, బోడిగా.

యలమందని పిలిచి చూపించాను. నెత్తి కొట్టుకున్నాడు. పై నంబరు ఏ ప్రమాణం ప్రకారం పరీక్ష చేశారో చెబుతుందట. కింది నంబరు, ఈ ముద్ర వేసుకోవచ్చని ఆ కంపెనీకి ఇచ్చిన లైసెన్సుదట. రెండూ లేవంటే ఎవడో అచ్చేసి అంటించిందే అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా మోటార్లు విప్పుతున్నా, నాకు తట్టలేదేంటత్తా అన్నాడు.

నాకు తట్టింది.

15 మే

రేపు యలమందతో గుంటూరు. కుక్కరు కూడా వస్తుంది.

16 మే, సాయంత్రం

బస్సులో కుక్కరు ఒళ్ళో పెట్టుకున్నాను. పప్పు వండుతావా మామ్మా అని నవ్వాడు కండక్టరు. ఇవాళ ఉడికేది పప్పు కాదురా అన్నాను.

షాపులో కౌంటరు మీద కుక్కరు బోర్లించాను. పక్కన యలమంద పెద్దపెట్టె దించాడు. రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చెప్పాను. ఓనరు అందరికీ వినపడేట్టు, మామ్మగారూ, మీకు చదువొచ్చా అన్నాడు. రాదయ్యా, అందుకే బొమ్మంతా చూశాను, చదువొచ్చినోళ్ళు మూడక్షరాలు చదివి ఆగిపోయారు అన్నాను.

కొనడానికొచ్చిన వాళ్ళు బీరువాల్లోని పెట్టెలు తిప్పి చూడటం మొదలుపెట్టారు. ఆ రకం పెట్టె ఒక్కదానికీ కింద నంబరు లేదు. ఓనరు గొంతు దిగింది. లోపలికి రండి మామ్మగారూ, కూల్‌డ్రింక్ తాగండి, కొత్త సెట్టిస్తాను అన్నాడు. నీ సెట్టు సంగతి వినియోగదారుల ఫోరంలో తేల్చుకుందాం, ముందు మా ఇంటికి ఫోన్ కలుపు, మా వాడికీ నా కోడలికీ చెప్పు అన్నాను.

కలిపాడు. ముందు త్రినాథ్‌కి చెప్పాడు. తర్వాత కోడలితో, అమ్మా, తప్పు మీ చేతిది కాదు, పెట్టెది అన్నాడు.

ఇక్కడ జ్యోతిర్మయి కలం ఆపింది. కళ్ళు తుడుచుకుని రాయవే అన్నాను.

18 మే

ఫోరం కాగితానికి సంతకం నేర్పుతానంది కోడలు. వద్దన్నాను. నా బొటనవేలిని ఎవడూ అచ్చేసి అంటించలేడు.

వెంకటరావమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

రాసింది: జ్యోతిర్మయి.

సాక్షులు: మాబూబీ, యలమంద.

మూడో సాక్షి: త్రినాథ్. ఎవరూ అడగలేదు. తనే వచ్చి సంతకం చేశాడు.