సగం అల్లిన చాప

లోగన్, బ్రిస్బేన్
ఆదివారం

ప్రియమైన తమ్ముడు మాలాకికి,

నువ్వూ, ఫువాతినో, పిల్లలూ కులాసా అని తలుస్తాను. పాస్టరు గారి భార్య మన సవాయీ దీవికి వస్తోందంటే ఈ ఉత్తరం ఆమె చేతికిచ్చాను. ఫోనులో చెబుదామంటే నువ్వు నడిపే ఆ బస్సు ఇంజను నీ చెవులు ఎప్పుడో తినేసింది. నేను అరిచింది మా వీధి మొత్తానికీ వినపడుతుంది గానీ నీకు వినపడదు.

కంగారు పడకుండా చదువు. నాకు కారు యాక్సిడెంటు అయింది. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే, మా వీధి మలుపులో ఒక ట్రక్కూ నా కారూ గుద్దుకున్నాయి. నాకేం కాలేదు, కాస్త గీరుకుపోయింది. అవతలి మనిషికి కాలు విరిగింది. అతను మనవాడే. ఫాలెవై ఊరి సెఫో. అమ్మకి చాపలల్లడం నేర్పిన మతలేనా గారి కొడుకు. ఇంత పెద్ద దేశంలో గుద్దుకోవడానికి నాకు ఇంకెవరూ దొరకలేదు చూడు.

ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసింది. బండ్ల ఫొటోలు తీసి పెట్టుకోమంది. చూసినవాళ్ళ పేర్లు రాసుకోమంది. ఒంట్లో ఎలా ఉన్నా డాక్టరుకి చూపించుకుని కాగితం తీసుకోమంది. పోలీసులు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోమంది. "తప్పు మీదని గానీ ఆయనదని గానీ ఎవరితోనూ అనకండి. ఆస్పత్రికి వెళ్ళి చూడకండి. ముఖ్యంగా సారీ మాత్రం చెప్పకండి" అంది.

"అమ్మా, మా దేశంలో కూర్చున్నవాళ్ళ ముందు నుంచి నడిచివెళ్ళినా నడుం వంచి క్షమించమంటాం" అన్నాను.

"ఇక్కడ మానుకోండి" అంది.

అందుకని తప్పెవరిదో నీకు కూడా రాయడం లేదు. నువ్వూ అడగకు. ఫాలెవై వాళ్ళు ఎవరైనా కదిపినా నోరు విప్పకు. నా రాత చూసి నవ్వకు, ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. చాలా అలసటగా ఉంది, మాలాకీ.

మీ అక్క,
తెలెసియా


సవాయీ
శనివారం

ప్రియమైన అక్కకి,

దేవుడు నిన్ను కాపాడాడు. నీ ఉత్తరం ఫువాతినో పైకి చదివింది, నేను మళ్ళీ నా కళ్ళతో చదువుకున్నాను. నీ రాత చూసి నవ్వొద్దన్నావు గానీ నవ్వాను. కోడి గెలికినట్టుంది. బడిలో నా పలక లాక్కుని "ఇదా రాత?" అని మొట్టికాయ వేసింది నువ్వే కదా.

సరే, అసలు విషయానికొస్తాను. తప్పెవరిదో నువ్వు చెప్పనక్కర్లేదు. కాలు విరిగింది వాళ్ళవాడిది. మనకి తెలిసిన పద్ధతి ఒకటే. మనింటి మనిషి వల్ల ఒకరికి దెబ్బ తగిలితే, ఇంటి పెద్ద తెల్లవారేసరికి వాళ్ళ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల మీంచి సన్నచాప కప్పుకోవాలి. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే గొడవ తీరినట్టే. ఎత్తకపోతే ఎండలో అలాగే కూర్చోవాలి. ఇంతకన్నా మనిషికి రక్షణ ఏముంది? చాప కప్పుకున్నవాడి మీద ఎవడూ చెయ్యెత్తడు.

నాన్న పోయాక ఇంటి పెద్దని నేనే కాబట్టి నేను వెళ్తాను. అమ్మ అల్లిన చాప దించి ఎండలో వేశాను, పురుగు పట్టలేదు. మోకాళ్ళు నొప్పే గానీ తట్టుకుంటాను. నువ్వు ఊఁ అంటే చాలు. సవాయీ చుట్టూ ఉన్నది ఒక్కటే రోడ్డు. రోజూ బస్సు తీసుకుని ఫాలెవై మీంచే పోవాలి నేను. వాళ్ళ మొహాలు ఎలా చూడను?

అమ్మ సగంలో వదిలేస్తే నువ్వు తీసుకెళ్ళిన చాప ఎంతవరకు వచ్చింది? సగం దాటిందా?

నీ తమ్ముడు,
మాలాకి


లోగన్
బుధవారం

ప్రియమైన మాలాకి,

వద్దు. ఊఁ అనను.

నువ్వక్కడ చాప కప్పుకుని కూర్చుంటే ఎవడో ఒకడు ఫొటో తీసి పెడతాడు. అది ఇక్కడికి చేరడం ఎంతసేపు? "చూశారా, ఆమె తమ్ముడే మోకరిల్లాడు, తప్పు ఆమెదే" అంటారు. నా లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది. ఇన్సూరెన్సావిడని అడిగాను కూడా. చాప గురించి చెప్పేసరికి "దయచేసి ఆ పని చేయనివ్వకండి" అంది.

అక్క మాట తమ్ముడు దాటకూడదని నాన్న నిన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పాడు, గుర్తుందా? నేనెప్పుడూ ఆ మాట అడ్డం పెట్టుకుని నీతో పని చేయించుకోలేదు. ఇప్పుడు పెట్టుకుంటున్నాను. నువ్వు ఫాలెవైలో బస్సు దిగొద్దు. వాళ్ళతో మంచి వద్దు, చెడు వద్దు. నీ కోపం నాకు తెలుసు, నీ కన్నీళ్ళూ తెలుసు. రెండూ వద్దు.

చాప సంగతి అడిగావు. ఈ మధ్య ముట్టుకోలేదు. డ్యూటీలు.

చర్చివాళ్ళు వంతులేసుకుని కూరలు తెచ్చిపెడుతున్నారు. నిన్న ఎవరో కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు తెచ్చారు. మన ఊళ్ళో ఉన్నట్టే అనిపించి సగం తిని ఏడ్చాను. ఇంకేం లేదు, ఊరికే.

అక్క


సవాయీ
వాన రోజు

ప్రియమైన అక్కకి,

నీ మాట దాటలేదు. చాప మళ్ళీ చుట్టి పైన పెట్టేశాను. ఫువాతినో రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడాక "మీ అక్కా తమ్ముళ్ళ మధ్య దూరడానికి నేనెవర్ని?" అంది. అంతకన్నా మాట్లాడకపోవడమే నయం.

అక్కా, ఫాలెవైలో నా బస్సు ఎవరూ ఎక్కడం లేదు. బుట్టలు పట్టుకుని రోడ్డు మీద నించునే ఉంటారు. బస్సు చూడగానే అటు తిరిగిపోతారు. ముసలాళ్ళు కూడా వానలో తడుస్తూ నడిచిపోతున్నారు గానీ ఎక్కరు. మొదట్లో హారను కొట్టేవాణ్ణి, ఇప్పుడు అదీ మానేశాను. ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, పాట హోరుకి ఊగుతూ పోయే బస్సు నాది. ఇప్పుడు ఫాలెవై రాగానే లోపలున్నవాళ్ళు కూడా పాట తగ్గించమంటున్నారు. శవాన్ని తీసుకెళ్తున్నట్టుంది.

వాళ్ళ కోపం నాకర్థమైంది. ఇన్నాళ్ళు చూసి, వీళ్ళు రారని తేల్చుకున్నారు. ఏదో ఒక రోజు రాయి వస్తుంది. అద్దానికి తగిలితే పర్వాలేదు. బడిపిల్లలుంటారు, అదే నా భయం.

నీ రాత ఇంకా కోడి గెలికినట్టే ఉంది. ఇన్ని రోజులూ ఒళ్ళోనే రాస్తున్నావా? అక్కడ బల్లలు లేవా? డ్యూటీలంటావు, ఇంటికి కూరలు తెచ్చిపెడుతున్నారంటావు. డ్యూటీకి పోయేదానికి కూరలెందుకు తేవడం? ఒంట్లో బాగుందా? నిజం చెప్పు.

నేనూ అలసిపోయాను. తప్పు చేసినవాడికైనా ఒప్పుకునేదాకానే బాధ. ఒప్పుకోకుండా కూర్చోవడం ఇంత కష్టమని తెలీదు నాకు.

నీ తమ్ముడు,
మాలాకి


లోగన్
శుక్రవారం

ప్రియమైన మాలాకి,

ఒంట్లో బాగానే ఉంది. బెంగపెట్టుకోకు.

ఫాలెవై సంగతి చదివి భయమేసింది. ఆ ఇన్సూరెన్సావిణ్ణి మళ్ళీ అడిగాను. ఎవరైనా ఇంటి మీదికొస్తే బయటికి రావద్దంది. మాట్లాడొద్దు, తలుపేసుకుని లోపలి నుంచి ఫొటో తీసి పెట్టుకో, పోలీసులకి ఫోను చెయ్యి అంది. స్తంభాల మీద పైకప్పు తప్ప మన ఇళ్ళకి గోడలే ఉండవని ఆమెకేం తెలుసు. తలుపు లేకపోతే కొబ్బరాకు తడికలైనా దించుకో. పిల్లల్ని వెనక్కి పంపెయ్యి. ఫొటో మాత్రం తియ్యి.

ఇంకొన్నాళ్ళు ఓర్చుకో. నీ కోసమే చెప్తున్నాను, నా కోసం కాదు. ఎందుకో తరవాత చెప్తాను.

అక్క


సవాయీ
గురువారం

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే ఉండమను.

మొన్న పొద్దున బస్సు తీద్దామని లేచాను. ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు. బస్సుకీ రోడ్డుకీ మధ్య మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. తలలు వంచుకుని ఉన్నారు. ఫాలెవై వాళ్ళు. పెద్దలందరూ ఉన్నారు. మమ్మల్ని చంపి వండుకున్నా సరే అనడానికి పెట్టే పొయ్యి కట్టెలూ రాళ్ళూ ముందు పెట్టుకున్నారు. మధ్యలో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు, తల మీంచి సన్నచాప కప్పి ఉంది.

చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చాప కప్పుకోవలసింది మనం కదా, వాళ్ళెందుకు కప్పుకుంటారు? మనం చేయని పని మనింటి ముందే చేసి చూపించి, ఊరంతటి ముందూ వెక్కిరించడానికొచ్చారనుకున్నాను. ఇంకోలా ఆలోచించడానికి నా బుర్రలో చోటు లేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. తడికలు దించాను. పిల్లల్ని వంటపాక వైపు పంపించాను. సందులోంచి ఫోను పెట్టి ఫొటో తీశాను. లోపల కూర్చున్నాను.

ఎండెక్కింది. వాళ్ళు కదల్లేదు. నేనూ కదల్లేదు. పక్కిళ్ళవాళ్ళు వచ్చి నించుని చూస్తున్నారు. ఆ మధ్యనున్న చాప ఒక పక్కకి ఒరుగుతుంది, మళ్ళీ నిటారవుతుంది.

చివరికి ఫువాతినో నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "వెక్కిరించడానికొచ్చినవాళ్ళు ముసలిదాన్ని ఎండలో మాడుస్తార్రా ఎవరైనా? ఆ మడమలు చూడు, మడమలు!" అంది. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను రా అన్నది అదే మొదటిసారి. చూశాను. చాప వెనక రెండు మడమలు కనిపిస్తున్నాయి. పగిలిపోయి, బూడిద రంగులో ఉన్నాయి. అమ్మ కాళ్ళలాగే ఉన్నాయి.

పరిగెత్తుకెళ్ళి చాప ఎత్తాను. మతలేనా గారు. పెదాలు ఎండిపోయాయి. నన్ను చూసి, "మీ అక్క చెయ్యి ఎలా ఉంది నాయనా?" అంది.

"చేతికేమైంది?" అన్నాను.

వాళ్ళలో ఒక పెద్దాయన "అయ్యో, ఈయనకి తెలీదు" అన్నాడు నెమ్మదిగా.

అలా తెలిసింది నాకు. ఎడం చేత్తో రాస్తున్నావని. కుడి చెయ్యి కారు తలుపులో నలిగిపోయిందని, డాక్టర్లు రెండుసార్లు కోసి కుట్టారని, వేళ్ళు వంగుతాయో లేదో చెప్పలేమన్నారని. ఆగాల్సిన చోట ఆగకుండా వచ్చి గుద్దింది సెఫో అని. "అప్పుడు వాడు ఫోనులో మాట్లాడుతున్నది నాతోనే. ఆ చప్పుడు నేను విన్నాను" అంది మతలేనా గారు. అక్కడ వాడికి కూడా ఎవరో చెప్పారట, నోరు మూసుకో, సారీ చెప్పకు అని. వాడు ఒప్పుకున్నది తల్లి దగ్గర మాత్రమే. ఇక్కడ వీళ్ళంతా సిగ్గుతో చచ్చిపోయి, నా మొహం చూడలేక వానలో నడిచిపోయారు. అది నేను కోపమనుకున్నాను.

వాళ్ళ ఊళ్ళో పెద్దలకి వెంటనే మాట కుదరలేదట. కొడుకు కేసు పాడవుతుందని కొందరు ఆపారట. "ఎవరూ రాకపోతే నేనొక్కదాన్నే చాప తీసుకుపోతా" అని ఈమె బయలుదేరితే, వెనకాల అందరూ నడిచారు.

అక్కా, నీతో దాచను. ముందు సెఫోని చంపేద్దామన్నంత కోపం వచ్చింది. అప్పుడు తెలిసింది నువ్వెందుకు దాచావో. మొదటి ఉత్తరంలోనే చెప్పుంటే ఆ సాయంత్రమే బస్సు తీసుకుని ఫాలెవై పోయేవాణ్ణి, కత్తి కూడా పట్టుకునే పోయేవాణ్ణి. ఎవరో ఒకరి ఇంట్లో శవం లేచేది. పనికొచ్చే చెయ్యి పోగొట్టుకుని, పనికిరాని చేత్తో, నన్ను కాపాడుకోవడానికి నాకు అబద్ధాలు రాశావు. కోడి గెలికినట్టుందని నేను నవ్వాను. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోను?

ఫువాతినో టీ పెట్టింది, బ్రెడ్డు కోసింది. మతలేనా గారు తాగలేదు, ముందు ఆ ఫొటో చూస్తానంది. తీసినందుకు సిగ్గేసింది, చూపించాను. చాప చూసి, "అంచు కాస్త ఎగుడు దిగుడుగా వచ్చింది" అంది. అప్పుడందరం నవ్వాం, ఏడ్చాం కూడా. ఫొటో తుడిచేశాను. మీ ఇన్సూరెన్సావిడకి చూపించడానికి ఇక ఏమీ లేదు.

వెళ్ళే ముందు నన్ను పక్కకి పిలిచి, "మీ అమ్మ సగం అల్లిన చాప మీ అక్క తీసుకెళ్ళింది కదా, పూర్తయిందా?" అంది. లేదన్నాను. ఇక అవ్వదేమో కూడా అన్నాను, నోరు జారి. ఆమె చాలాసేపు తన చేతులే చూసుకుంది. "మీ అమ్మ అల్లిక నాకు తెలుసు, నేను నేర్పిందే. ఎవరైనా వస్తుంటే పంపమను. మొగలాకు చీరి సిద్ధంగా పెడతా. నా కళ్ళు ఉండగానే అయిపోవాలి" అంది.

సగం చాప పంపు అక్కా. చెయ్యి సంగతి దాచకుండా రాయి, వేళ్ళు ఒక్కోటి ఒక్కోటిగా. ఎడం చేత్తోనే రాయి, నెమ్మదిగా రాయి, నేను ఎన్నాళ్ళైనా చదువుకుంటాను. నిన్న ఫాలెవైలో జనం బస్సంతా నిండిపోయారు, ఒక ముసలాయన వచ్చి నా ఒళ్ళో కూర్చుంటానన్నాడు. స్టీరింగు తిప్పాలి తాతా అంటే ఒప్పుకోడే.

ఇంకొక్క మాట. మతలేనా గారు కొడుకుతో ఫోనులో మాట్లాడింది, నా ఎదురుగానే, నా చెవులకి కూడా వినపడేంత గట్టిగా. పోలీసులకి ఉన్నదున్నట్టు చెప్పమంది. తరవాత కర్రల మీదైనా సరే మీ ఇంటికి రమ్మంది. వాడి దగ్గర సన్నచాప లేదట, దుప్పటి కప్పుకుని వస్తాడట. మీ వీధిలోవాళ్ళు పిచ్చివాడనుకుంటారు. అనుకోనీ.

నువ్వు తడికలు దించుకోకు. నాలాగా ఎండెక్కేదాకా కూర్చోబెట్టకు, వాడి కాలు ఇంకా అతకలేదు. ఎవరేం చెప్పినా సరే, వెళ్ళి తలుపు తియ్యి.

నీ మాట ఎప్పుడూ దాటని తమ్ముడు, ఈసారి తన మాట వినమని అడుగుతూ,
మాలాకి