ఎగ్జిట్ పడని కార్డు

నవంబర్ 3
నువ్వూ ఉన్నావు ఆ మెట్రో ప్లాట్‌ఫారం మీద. ఫల్గుణ కూలిపోతే, తాగి పడ్డాడనుకుని దాటిపోయావు. వాడు చుక్క ముట్టడు. నువ్వు రేపు ఎక్కబోయే మెట్రో లైనుకి సొరంగం తవ్వే కూలి వాడు. చదివేవాళ్లెవరూ లేని డైరీలో, పేరైనా తెలీని నిన్ను తిడుతున్నాను. ఇంకెక్కడ తిట్టను?

నాలుగు రోజుల కిందట అంబులెన్సు వాడి శవంతో ఘాట్ రోడ్డు ఎక్కింది. డుంబ్రిగుడ దాటి వాళ్ల ఊళ్లోనే పూడ్చాం. చొక్కా జేబులో దొరికింది ఒకటే, మెట్రో స్మార్ట్ కార్డు.

నవంబర్ 5
ఫల్గుణ భార్య కనక కార్డు తెచ్చి, ఇదేటి మాస్టారూ అంది. ఎక్కేచోట చూపిస్తే గేటు లోపలికి వదులుతుంది, దిగేచోట మళ్లీ చూపిస్తే బయటికి వదులుతుంది అన్నాను. దిగినకాడ సూపించాడా అంది. లేదు, స్ట్రెచర్ మీద లిఫ్టులో పైకి తెచ్చారన్నాను. నోరు మూసుకోవలసింది.

అయితే మా ఆయన బయటికి రానేదు అంది.

నవంబర్ 6
వాళ్ల ఊరి పద్ధతి అట. బయట చచ్చినవాడు పడిన చోటి నుంచి ఒక రాయి తేవాలి. దారి పొడుగునా మలుపుల పేర్లు చెబుతూ ఆ రాయితో పాటు చచ్చినవాణ్ణి ఇంటికి నడిపించుకురావాలి. ఊరి పూజారి సోంబరుతో గంటసేపు వాదించాను. ఇరవయ్యేళ్లుగా మూఢనమ్మకాల మీద కరపత్రాలు రాస్తున్నవాణ్ణి. నీ కాగితాలన్నీ సదివించుకున్నాను బాబూ, ఒక్కటీ సచ్చినోడికి దారి సెప్పనేదు అన్నాడు.

అందరూ నవ్వారు. కనక కూడా. మట్టి చేశాక అదే మొదటిసారి.

ఆ నవ్వు చూశాక, కనకని సిటీకి తీసుకెళ్తానన్నాను.

నవంబర్ 9, మధ్యాహ్నం
సిటీ. ఫల్గుణ పడిన స్టేషన్లో టోకెన్లు కొని కిందికి దిగాం. ఒక్క రాయి లేదు. అంతా పాలిష్ గ్రానైటు. కనక వంగి గోటితో గీరింది. పొడి కూడా రాలలేదు. రాయి నేకపోతే ఈ కార్డే రాయి అని, బయటికొచ్చే గేటుకి ఆనించింది. ఎర్రలైటు. మళ్లీ ఆనించింది. మళ్లీ ఎర్రలైటే. వెనక లైను పెరిగింది, జనం విసుక్కున్నారు.

కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఎంట్రీ ఉంది సార్, ఎగ్జిట్ లేదు, కార్డున్న మనిషే రావాలి. చనిపోయాడమ్మా అన్నాను. అయితే డెత్ సర్టిఫికెట్ ఇవ్వండి, పేరు డిలీట్ చేస్తామంది. డిలీట్ అంటే ఏటని కనక అడిగింది. చెప్పాను. తుడిచేయడం వద్దు, బయటికి వదలమనండి అంది.

అప్పుడు నేను అరిచాను. కార్మికుడు, పెట్టుబడి, సొరంగాలు, సిగ్గు. జనం ఫోన్లు ఎత్తారు. కనక నా చొక్కా పట్టుకుని లాగింది.

అరవకండి మాస్టారూ, ఆయన బెదిరిపోతాడు.

నవంబర్ 10
కొండలెక్కే కిరండూల్ రైల్లో వెనక్కి. ఇన్ని మలుపుల్లో కనక ఒక్కదాని పేరూ చెప్పలేదు.

నవంబర్ 14
మెట్రోవాళ్లకి ఎనిమిది పేజీల వినతిపత్రం రాశాను. కనక మొత్తం చదివించుకుని, ఇవన్నీ మీయి, నాయి రాయండి అంది. రాశాను.

1. ఫల్గుణ కార్డుకి ఎగ్జిట్ వేయాలి.
2. ఆ రోజు సోంబరుని కిందికి రానివ్వాలి.
3. వెనక ఎవరూ విసుక్కోకూడదు.
4. ఆయన మెల్లగా నడుస్తాడు. గేటు బేగి మూయకూడదు.