నీ ఫోటో అద్దం

అన్నయ్యా,

నువ్వు యుద్ధంలో పోయావని తంతి వచ్చి ఇవాళ్టికి ఏడాది. అమ్మ దాన్ని ఇప్పటికీ నమ్మదు. నువ్వు చదవవని తెలిసీ నీకే రాస్తున్నాను. ఈ భయం ఇంట్లో చెప్పుకునేది కాదు.

వేసవిలో భూమి అదిరి, మన గురజాల చర్చి ఉత్తరపు గోడ నిలువునా బీటవారింది. గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు, బీటకు అడ్డంగా అద్దం ముక్క పెట్టి రెండు కొసలూ సున్నంతో అతికించమన్నాడు. గోడ కదిలితే అద్దం పగులుతుంది, పగిలితే ఎవరూ లోపలికి పోకూడదన్నాడు. అమ్మ నీ ఫోటోకున్న అద్దం ఊడదీసి ఇచ్చింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ గోడ కిందే కూర్చుంటుంది. పక్కకు రమ్మంటే, "మావాడి అద్దం చెక్కుచెదర్లా. వాడికీ ఏంగాలేదే" అంటుంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ అక్కడే చేరుతున్నారు.

ఈ సాయంత్రం చర్చి ఊడుస్తూ ఆ అద్దాన్ని తాకాను. ఊగింది. ఒక కొసన సున్నం ఎప్పుడో వదిలేసింది. ఇక గోడ ఎంత కదిలినా అది పగలదు. బీటలో నా వేలు దూరింది. వేసవిలో గోరు కూడా పట్టేది కాదు.

సంఘపెద్దల దగ్గరకు పరుగెత్తాను. "పగిలితే గదమ్మా రావొద్దంది. పగల్లా గదా" అన్నారు.

తెల్లారితే ఆదివారం. ఇప్పుడే పోయి ఆ అద్దాన్ని నేనే పగలగొడతాను. గోడ కిందికి ఎవరూ రారు.

తంతిని నమ్మని అమ్మ, రేపు ఆ ముక్కల్ని నమ్ముతుంది.

నీ చెల్లి