అపియస్ కథ వినిపించడానికి

హెర్న్‌డన్, ఏప్రిల్

ప్రియమైన అన్నయ్యా,

ఫోన్‌లో మనవన్నీ మాత్రల కబుర్లే. అందుకే ఉత్తరం. నువ్వడిగినట్టే, రోముకు మొదటిసారి కాలువతో నీళ్లు తెచ్చిన అపియస్ క్లాడియస్ కథ మొదలుపెట్టాను. ఆయన సెన్సార్. సినిమాలు కత్తిరించేవాడు కాదు. జనాభా లెక్కలు, ఊరి పనులు చూసే పెద్ద అధికారి. కాలువను దాదాపు అంతా భూమి లోపలే తవ్వించాడు. కపువా అనే ఊరి దాకా రోడ్డు వేయించాడు. ఊటలు కనిపెట్టిన తోటి అధికారి గడువు కాగానే దిగిపోతే, ఈయన మాత్రం కుర్చీ వదల్లేదు. కాలువకు తన పేరే మిగిలింది. లాటిన్ టీచర్‌నైనా నాకు ఆయన మీద కోపమే.

నీ చెల్లెలు,
వసుమతి

అరోరా, ఏప్రిల్ చివర

చిట్టి చెల్లెలు వసూకి,

నా చేతిరాత పాడైంది, మా హంసిక చేత టైప్ చేయిస్తున్నాను. ముప్ఫై ఏళ్లు వాటర్ డిపార్ట్‌మెంట్‌లో పైపులు వేయించినవాణ్ణి. పని సగంలో వదిలి వెళ్లడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన్ని తిట్టకు. మిగతా కథ పోస్ట్‌లో పంపకు. మే నెలలో నువ్వే వచ్చి చదివి వినిపించు. మీ వదిన కూడా ఎదురుచూస్తోంది.

ఆశీస్సులతో,
అన్నయ్య కేశవరావు

రోమ్, జూన్

ప్రియమైన అన్నయ్యా,

కోప్పడకు. మేలో ఎగ్జామ్స్, ఆ వెంటనే స్టూడెంట్స్‌తో ఈ ట్రిప్. నిన్న అపియస్ రోడ్డు మీద నడిచాను! ఫోటోలు ప్రింట్ చేయించి పంపుతున్నాను, తీరిగ్గా చూడు. కథ చివరి భాగం కూడా పెట్టాను. ముసలితనంలో ఆయనకు చూపు పోయింది. అయినా, శత్రురాజుతో సంధికి సభ ఒప్పుకోబోతోందని విని, కొడుకుల ఆసరాతో సభకు వెళ్లి, చీవాట్లు పెట్టి అందరి మనసూ మార్చాడు. నా కోపం కొంచెం తగ్గింది. వచ్చే వేసవికి తప్పకుండా వస్తాను.

నీ వసు

అరోరా, ఆగస్టు

వసూ, తల్లీ,

కథ హంసిక చదివింది. ఫోటోల్లో ఏముందో కూడా తనే చెప్పింది. పెద్ద పెద్ద నల్లరాళ్లట, పక్కన పైన్ చెట్లట, మధ్యలో ఎర్రటోపీతో నువ్వట.

నాకు గ్లాకోమా. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమది వేసవి దాటదని డాక్టర్ ఏప్రిల్‌లోనే చెప్పాడు. జూన్‌లో అదీ పోయింది.

"నాన్నా, అత్తకి చెప్పు, షి విల్ కమ్" అని హంసిక పోరింది. "చెబితే ఏడుస్తూ వస్తుంది. కథ కోసమైతే నవ్వుతూ వస్తుంది" అన్నాను. తప్పు నీది కాదు. నేనే చెప్పి ఉండాల్సింది.

నాకు కావలసింది కథ కాదమ్మా, నీ ముఖం ఒక్కసారి. ఇప్పుడు నా దగ్గరున్నది హంసిక పెళ్లిలో పెరుగు తక్కువైందని కేటరర్ మీద మండిపడుతున్న నీ ముఖం. దాంతోనే సర్దుకుంటున్నాను.

స్కూల్‌కి సెలవు పెట్టి పరుగెత్తుకు రావద్దు. ఇక ఎప్పుడొచ్చినా ఒకటే.

నీ అన్నయ్య