సోనీవి నఖరాలు కావు

బాపూ, మార్కెట్ నుంచి రాంగనే సోనీని చూడు. ఇయ్యాల్నే ఈనుతది. మళ్ల కుక్కే గదా అని బయట కట్టేసినవంటే ఊకోను.

నిన్న అది అన్నం ముట్టకపోతే "నఖరాలు చేస్తాంది" అన్నవ్. పాత చీర చింపి మూలకు గుంజుకుంటే కట్టె పట్టుకొని ఉరికించినవ్. అవి నొప్పులకు ముందటి గుర్తులని నాలుగుసార్లు చెప్పిన, ఇన్నవా? ఇప్పుడు చూడు, వణుకుతాంది, రొప్పుతాంది.

మెట్ల కింద దుప్పటేసిన. అరగంట గట్టిగ ముక్కినా పిల్ల రాకపోతే పశువుల డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. నంబర్ ఫ్రిజ్ మీదున్నది. నాకు పరీక్ష, మూడింటికి వస్త.

పద్మలత

దాన్ని పెంచింది నేను. అయినా దుప్పటి ఇడిచిపెట్టి నీ పాత చెప్పుల మీద తల పెట్టుకొని పండుకున్నది. గంత తిట్టినా దానికి నువ్వే కావాలె. జర పక్కన కూసో.