సాంబారు గరిటె

అమలమ్మ గారికి వందనాలు.

నేను మీ అమ్మాయి క్రిస్టినాకి ఇంగ్లీషు చెప్పే మేడాన్ని. హాస్టల్ వార్డెన్‌ని కూడా నేనే. ఎదురుగా వచ్చి చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం ఆయాతో ఆస్పత్రికి పంపుతున్నాను. రేపు ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం తెస్తారు. అందులో అమ్మాయి బాత్రూములో జారిపడిందని ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకండి.

దవడ విరిగి తను మాట్లాడలేకపోతోంది కాబట్టి నేను చెబుతున్నాను. తనను కొట్టారండీ.

మెస్సులో ఆడపిల్లలు ఎప్పుడూ అరుచుకుంటున్నారని, క్లాసులో చెబుతున్న పాత ఇంగ్లీషు నవలలో చూసి నేనే ఒక పద్ధతి పెట్టాను. సాంబారు గరిటె పట్టుకున్నవాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. వారం రోజులు ముచ్చటగానే సాగింది. తరవాత జ్ఞానేశ్వరి అనే పిల్ల గరిటె వదల్లేదు. ఎవరు తినాలో, ఎవరు పస్తుండాలో తనే చెప్పేది. నాకు తెలుసు. సర్దుకుంటారులే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం క్రిస్టినా "ఇవాళ నా వంతు, ఇలా ఇవ్వవే" అని చెయ్యి చాపింది. జ్ఞానేశ్వరి ఆ గరిటెతోనే దవడ మీద కొట్టింది. కిందపడ్డాక నలుగురు తన్నారు. తను కేకలు పెడుతుంటే "గరిటె నీ చేతిలో లేదుగా, నోరెందుకు లేస్తుందే" అని నవ్వారట. ముప్పైమంది కంచాల ముందు కూర్చుని చూశారు.

నేను వెళ్ళి ఆపమంటే ఒక్కరూ తల తిప్పలేదు. గరిటె లాక్కున్నాకే అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు జ్ఞానేశ్వరిని నేనూ కొట్టాను. నుదురు చిట్లింది. రెండో దెబ్బ ఎందుకు వేశానో నాకే అర్థం కావడం లేదు.

మీరు పోలీసులకిచ్చే ఫిర్యాదులో నా పేరు కూడా రాయించండి. నేను కొడుతుంటే ఆ పిల్ల ఏడవలేదు, ఎవరూ నన్ను ఆపలేదు. గరిటె నా చేతిలో ఉంది మరి.

మీ క్రిస్టినా వాళ్ళ ఇంగ్లీషు మేడం